స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే ఇన్సులిన్ మానేయొచ్చా? టైప్ 1 అబ్బాయి తండ్రికి జవాబు

మీరు రాసింది నాకు అర్థమైనంత వరకు ఇదీ సంగతి. బాబుకు పద్నాలుగేళ్లు. టైప్ 1 షుగర్ బయటపడి మూడేళ్లు దాటింది. రోజుకు నాలుగు ఇంజెక్షన్లు. సిటీలో ఒక సెంటర్ వాళ్లు బొడ్డుతాడు నుంచి తీసిన స్టెమ్ సెల్స్‌ను మూడు విడతలుగా సెలైన్‌లో ఎక్కిస్తామని, ఏడాదిలో ఇన్సులిన్ మానేయొచ్చని చెప్పి ఆరు లక్షలు అడిగారు. మీ నాన్నగారికి టైప్ 2 ఉంది కాబట్టి ఆయనకూ చేయిస్తే కొంత తగ్గిస్తామన్నారు. చైనాలో ఒకమ్మాయికి, అమెరికాలో కొంతమందికి ఇన్సులిన్ ఆగిపోయిందని వార్తల్లో చదివారు కాబట్టి మీకు నమ్మకం కుదిరింది. ఎకరం అమ్మి కట్టేయమంటారా అని అడిగారు. మీ చెల్లెలికి వచ్చే నెల డెలివరీ ఉందనీ, బొడ్డుతాడు రక్తం దాచి పెట్టించాలా అనీ చివర్లో ఇంకో ప్రశ్న వేశారు.

కట్టకండి. పొలం అమ్మకండి. చాలా ఏళ్లుగా టైప్ 1 పిల్లల్ని చూస్తున్న డాక్టర్‌గా ఈ మాట ఖచ్చితంగా చెబుతున్నాను. ఎందుకో వివరంగా రాస్తాను, ఎందుకంటే మీరు చదివిన వార్తలు అబద్ధం కాదు. అవి నిజం కాబట్టే ఈ సెంటర్ల మాట ఇంత సులభంగా నమ్మబుద్ధి అవుతోంది.

ముందు అమెరికా సంగతి. వెర్టెక్స్ అనే కంపెనీ జిమిస్లెసెల్ అనే చికిత్సను పరీక్షిస్తోంది. దాని ఫలితాలు 2025 జూన్‌లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. పూర్తి డోసు తీసుకున్నవాళ్లు 12 మంది. ఏడాది గడిచేసరికి వాళ్లలో 10 మందికి ఇన్సులిన్ అవసరమే లేకుండా పోయింది. పన్నెండు మందికీ మూడు నెలల యావరేజ్, అంటే హెచ్‌బీఏ1సీ, 7 కంటే కిందికి వచ్చింది. అంతకుముందు వీళ్లంతా షుగర్ పడిపోయి స్పృహ తప్పేదాకా వెళ్లినవాళ్లు. ఆ బెడద పోయింది. నా వృత్తి జీవితంలో టైప్ 1 గురించి ఇంత మంచి ఫలితం నేను చదవలేదు. చదివిన రోజు నాకు కళ్లు చెమర్చాయి.

చైనా అమ్మాయి కథ కూడా నిజమే. తియాన్‌జిన్‌కు చెందిన పాతికేళ్ల యువతి. పెకింగ్ యూనివర్సిటీలో డెంగ్ హాంగ్‌కుయ్ బృందం ఆమె కొవ్వులోంచి కణాలు తీసి, రసాయనాలతో వాటిని మళ్లీ మూలకణాల, అంటే స్టెమ్ సెల్స్, స్థితికి తీసుకెళ్లి, వాటి నుంచి ఇన్సులిన్ తయారుచేసే కణాల గుచ్ఛాలు పెంచి, 2023 జూన్‌లో ఆమె పొట్ట కండరం పొరలో పెట్టారు. 75 రోజులకు ఇన్సులిన్ ఆగింది. ఏడాది తర్వాత కూడా అవసరం రాలేదని 2024 సెప్టెంబర్‌లో సెల్ అనే పత్రికలో ప్రచురించారు.

ఇప్పుడు ఈ రెండు చోట్లా రోగి శరీరంలోకి ఏం వెళ్లిందో చూడండి. మనం స్టెమ్ సెల్స్ అంటున్నాం గానీ, వాళ్లకు ఎక్కించింది స్టెమ్ సెల్స్‌ను కాదు. స్టెమ్ సెల్స్ నుంచి ల్యాబ్‌లో తయారుచేసిన, అప్పటికే ఇన్సులిన్ వదలడం నేర్చుకున్న కణాలను. క్లోమంలో, అంటే పాంక్రియాస్‌లో, లాంగర్‌హాన్స్ దీవులని చిన్న చిన్న గుంపులుంటాయి. వాటిలోని బీటా కణాలే ఇన్సులిన్ చేసేవి. రక్తంలో గ్లూకోజ్ ఎంత ఉందో అవే కనిపెట్టి, అవసరమైనంతే వదులుతాయి. ఎక్కువ వదిలితే మనిషి పడిపోతాడు, తక్కువైతే షుగర్ పెరుగుతుంది. ఆ తెలివి ఉన్న కణాన్ని ల్యాబ్‌లో తయారుచేయడానికి దశాబ్దాలు పట్టింది.

హార్వర్డ్‌ యూనివర్సిటీలో చాలా ఏళ్లు పనిచేసిన డగ్లస్ మెల్టన్ అనే శాస్త్రవేత్త ఉన్నారు. ఆయన కొడుకుకు పసితనంలోనే టైప్ 1 వచ్చింది. కూతురికి, మీ అబ్బాయి వయసులోనే, పద్నాలుగేళ్లకు వచ్చింది. మొదటి బిడ్డకు జబ్బు రాగానే ఆయన చేస్తున్న పరిశోధన పక్కనపెట్టి దీని మీదికి వచ్చారు. మనిషి పిండ మూలకణాలను ల్యాబ్‌లో మొదటిసారి పెంచింది 1998లో. మెల్టన్ బృందం వాటిని నమ్మకంగా, పెద్ద సంఖ్యలో బీటా కణాలుగా మార్చగలిగింది 2014లో. మూలకణాన్ని ఒక్కో దశలో ఒక్కో రసాయనం మార్చి పెడుతూ, నెలకు పైగా కాపు కాసి, దశలవారీగా బీటా కణం దాకా నడిపించాలి. దారి తప్పితే వేరే కణమవుతుంది, లేదా మారకుండా మిగిలిపోతే కణితిగా పెరిగే ప్రమాదముంటుంది. ఆయన పెట్టిన సంస్థనే వెర్టెక్స్ 2019లో కొన్నది. పూర్తి డోసు అంటే ఇలా తయారైన కణాలు 80 కోట్లు. కాలేయానికి వెళ్లే పోర్టల్ సిర ద్వారా కాలేయంలోకి పంపుతారు, అవి అక్కడే కుదురుకుని పనిచేస్తాయి.

బిడ్డ జబ్బు చూసి తట్టుకోలేని తండ్రి ఏం చేయగలడో ఆయన చేశారు. మీరు పొలం అమ్మడానికి సిద్ధపడటం కూడా ఆ బాధే. అందుకే మీ డబ్బు దేనికి పోతోందో మీకు తెలియాలి.

మీకు చెప్పిన సెంటర్ వాళ్లు ఎక్కిస్తామన్నవి బొడ్డుతాడు నుంచి తీసే మెసెంకైమల్ కణాలు. ఇవి బీటా కణాలుగా మారవు. చేతి సిరలోకి ఎక్కిస్తే వీటిలో చాలా భాగం ఊపిరితిత్తుల్లోని సన్నటి రక్తనాళాల్లో చిక్కుకుంటాయి, కొద్ది రోజుల్లో అక్కడే నశిస్తాయి. క్లోమానికి వెళ్లి కొత్త బీటా కణాలు పుట్టిస్తాయని చూపే బొమ్మలు బ్రోచర్లలో ఉంటాయి, మనిషి శరీరంలో అలా జరిగినట్టు ఆధారం లేదు. ఈ కణాలకు ఉన్న అసలు గుణం వేరు. రోగనిరోధక శక్తి దూకుడును కొంత తగ్గించే పదార్థాలను విడుదల చేస్తాయి. టైప్ 1 అంటే మన రోగనిరోధక వ్యవస్థే బీటా కణాలను చంపడం కాబట్టి, జబ్బు కొత్తగా బయటపడినప్పుడు, ఇంకా కొన్ని బీటా కణాలు మిగిలి ఉన్నప్పుడు వీటిని ఇస్తే ఆ మిగిలినవి ఇంకొంత కాలం నిలుస్తాయా అని స్వీడన్‌లోని ఉప్సాలాలో పద్ధతి ప్రకారం పరీక్షించారు. కొంత మేలు కనిపించింది. కానీ అది మిగిలినవాటిని కాపాడుకోవడమే. మూడేళ్లు దాటిన మీ బాబులో కాపాడటానికి మిగిలినవి చాలా తక్కువ ఉంటాయి. ఇన్సులిన్ ఆపేయొచ్చు అన్న మాట ఆ పరిశోధన చేసినవాళ్లు కూడా అనలేదు.

మూలకణాలతో ఇన్సులిన్ ఆగిన ఇంకో పాత పరిశోధన ఉంది, దాన్ని కూడా మీకు చూపించే ఉంటారు. బ్రెజిల్‌లో వోల్టరెల్లి అనే డాక్టర్ కొత్తగా టైప్ 1 వచ్చినవాళ్ల మీద చేసినది, 2007లో ప్రచురించారు. 15 మందిలో 14 మందికి కొంతకాలం ఇన్సులిన్ ఆగింది. అక్కడ పనిచేసింది ఏమిటంటే, బ్లడ్ క్యాన్సర్‌కు ఇచ్చేలాంటి గట్టి మందులతో ముందు రోగనిరోధక వ్యవస్థను దాదాపు తుడిచిపెట్టి, తర్వాత రోగి సొంత రక్త మూలకణాలను తిరిగి ఎక్కించి, ఆ వ్యవస్థను మళ్లీ మొదటి నుంచి పెరగనివ్వడం. ప్రాణం మీదికి వచ్చే ఇన్ఫెక్షన్లు, పిల్లలు పుట్టే శక్తి దెబ్బతినడం లాంటి ముప్పులు దానికున్నాయి. ఏళ్లు గడిచేకొద్దీ చాలామంది మళ్లీ ఇన్సులిన్‌కు వచ్చారు. అందుకే ఆ దారి సాధారణ వైద్యంలోకి రాలేదు. ఆ కాగితం చూపించి ఈ సెలైన్ ఎక్కించడం తప్పు.

సరే, అమెరికా చికిత్సే మన దగ్గరికి వస్తే బాబుకు చేయించొచ్చా? ఇవాళ్టికైతే నేను వద్దనే అంటాను. పరాయి కణాలను శరీరం బయటివాళ్లుగానే చూస్తుంది, పైగా టైప్ 1 ఉన్న శరీరం బీటా కణాల మీద ముందే పగబట్టి ఉంటుంది. కాబట్టి ఆ 12 మందీ రోగనిరోధక శక్తిని అణచే మందులు రోజూ వేసుకుంటున్నారు. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు వాడే మందులే. కణాలు పనిచేసినంత కాలం అవి మానకూడదు. ఆ మందులు కిడ్నీల మీద భారం వేస్తాయి, ఇన్ఫెక్షన్లకు తలుపు తీస్తాయి. ఆ అధ్యయనంలో మొత్తం 14 మంది ఉంటే ఇద్దరు చనిపోయారు. ఒకరి మరణానికి ముందు నుంచీ ఉన్న మతిమరుపు జబ్బు ముదరడం కారణం. ఇంకొకరు క్రిప్టోకాకస్ అనే ఫంగస్ మెదడు పొరలకు సోకి పోయారు. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు వచ్చే జబ్బు అది. టీబీ ఇంత ఉన్న మన దేశంలో ఈ లెక్క ఇంకా జాగ్రత్తగా వేసుకోవాలి.

అందుకే ఆ ట్రయల్‌లోకి పిల్లల్ని తీసుకోలేదు. పద్దెనిమిదేళ్లు దాటి, జబ్బు వచ్చి ఐదేళ్లకు పైనై, లో షుగర్ వచ్చినా తెలియని స్థితిలో ఏడాదిలో కనీసం రెండుసార్లు ప్రమాదకరంగా పడిపోయినవాళ్లనే తీసుకున్నారు. ఎప్పుడు స్పృహ తప్పుతుందో తెలియని మనిషికి ఈ మందుల ముప్పు ఒప్పుకోదగ్గది. స్కూల్‌కి వెళ్తూ, క్రికెట్ ఆడుకుంటూ, ఇంజెక్షన్లతో నెట్టుకొస్తున్న పిల్లవాడికి కాదు. చైనా అమ్మాయి కూడా అంతకుముందే కాలేయ మార్పిడి చేయించుకుని ఈ మందులు వాడుతూనే ఉంది. సొంత కణాలతో చేశారు కాబట్టి మందులు అక్కర్లేదని వార్తల్లో రాసినవాళ్లు ఈ ముక్క వదిలేశారు. షాంఘైలో 2021లో ఇదే తరహాలో చికిత్స జరిగి ఇన్సులిన్ మానేసిన 59 ఏళ్ల టైప్ 2 రోగి ఉన్నారు కదా, ఆయనకూ అంతకుముందే కిడ్నీ మార్పిడి జరిగింది. ఎలాగూ మందులు మింగుతున్నవాళ్లను ఎంచుకోవడంలో వైద్యపరంగా న్యాయం ఉంది. ఆ ఫలితాన్ని తెచ్చి మిగతా అందరికీ అంటగట్టడంలో లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. చనిపోయిన దాతల క్లోమం నుంచి ఈ దీవుల్ని తీసి కాలేయంలో పెట్టే పద్ధతి 2000 నుంచే ఉంది. కెనడాలోని ఎడ్మంటన్‌లో మొదలైంది. మొదటి ఏడుగురికీ ఇన్సులిన్ ఆగింది. ఐదేళ్ల తర్వాత చూస్తే ఇన్సులిన్ లేకుండా ఉన్నవాళ్లు పదిమందిలో ఒకరే మిగిలారు. చాలామందిలో కణాలు కొంత పనిచేస్తూనే ఉన్నాయి, లో షుగర్ బాధ తగ్గింది, కానీ ఇన్సులిన్ మళ్లీ మొదలైంది. ఆ తర్వాత పద్ధతులు మెరుగుపడ్డాయి. అయినా ఏడాది ఫలితం చూసి జీవితకాలం హామీ ఇవ్వకూడదని మాకు నేర్పింది ఆ అనుభవమే.

మీరు ఇంకోటి రాశారు: సెంటర్ వాళ్లు తమ దగ్గర బాగైన పిల్లల రిపోర్టులు వాట్సాప్‌లో పంపారని. అలాంటి ఫైళ్లు పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లున్నారు. ఒక ఫైలు గురించి చెబుతాను, అది చూస్తే మిగతావి మీరే చదవగలరు. ఒక అమ్మాయికి కణాలు ఎక్కించక ముందు సి-పెప్టైడ్ 0.4, ఎక్కించాక 1.1 అని హైలైటర్‌తో గీసి ఉంది. సి-పెప్టైడ్ అంటే శరీరం సొంతంగా ఎంత ఇన్సులిన్ చేస్తోందో చెప్పే పరీక్ష. పెరిగిందంటే బీటా కణాలు పుట్టాయని వాళ్లు చెప్పారు. రిపోర్టు పైన కుడివైపు మూలలో రక్తం తీసిన సమయం ఉంటుంది. మొదటిది ఉదయం ఏడున్నరకు, పరగడుపున. రెండోది మధ్యాహ్నం ఒంటిగంట నలభైకి, భోజనం తర్వాత. తిన్నాక సి-పెప్టైడ్ ఎవరికైనా పెరుగుతుంది. మిగిలి ఉన్న కొద్దిపాటి బీటా కణాలు అన్నం చూసి చేసే పనే అది. ఒకే తరహా పరీక్ష, ఒకే స్థితిలో, పక్కన గ్లూకోజ్ విలువతో పాటు చూస్తే తప్ప ఆ రెండు అంకెలను పోల్చకూడదు.

అదే ఫైలులో డిశ్చార్జి కాగితం చూశాను. అన్నం సగానికి తగ్గించిన డైట్ చార్టు, రోజూ నడక, అంతకుముందు లేని ఒక కొత్త మాత్ర. మూడు నెలల యావరేజ్ తగ్గడానికి ఇవి చాలు. అన్నిటికంటే ముఖ్యం, ఆ అమ్మాయికి జబ్బు బయటపడి అప్పటికి ఏడు నెలలే. టైప్ 1 మొదట్లో ఇన్సులిన్ మొదలుపెట్టగానే, అలసిపోయిన బీటా కణాలు కాస్త తేరుకుని కొన్ని నెలల పాటు మళ్లీ పనిచేస్తాయి. దీన్ని మేము హనీమూన్ అంటాం. ఇన్సులిన్ డోసు బాగా తగ్గుతుంది, కొందరికి కొద్ది రోజులు దాదాపు అక్కర్లేకుండా పోతుంది. ఏ చికిత్సా చేయకపోయినా వచ్చేదే, తర్వాత పోయేదే. సరిగ్గా ఆ నెలల్లో కణాలు ఎక్కిస్తే పేరు వాటికి దక్కుతుంది. మీకు పంపిన రిపోర్టుల్లో జబ్బు వచ్చిన తేదీ, కణాలు ఎక్కించిన తేదీ పక్కపక్కన పెట్టి చూడండి.

చట్టం సంగతికి వద్దాం. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), కేంద్ర బయోటెక్నాలజీ విభాగం కలిసి 2017లో మూలకణాల మీద జాతీయ మార్గదర్శకాలు ఇచ్చాయి. రక్త సంబంధ జబ్బులకు చేసే ఎముక మజ్జ తరహా మార్పిడి తప్ప మిగతా ఏ జబ్బుకైనా స్టెమ్ సెల్స్ వాడాలంటే అనుమతి ఉన్న ట్రయల్‌లోనే వాడాలి, బయట వాడితే అది అనైతికం, వైద్యపరంగా తప్పుడు నడవడి అని అందులో స్పష్టంగా ఉంది. షుగర్ ఆ మినహాయింపులో లేదు. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం స్టెమ్ సెల్ ఉత్పత్తిని కొత్త మందుగానే లెక్కిస్తారు, అంటే అనుమతి కావాలి. షుగర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడాన్నే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది.

వాళ్లు మాది కూడా ట్రయలే అంటారు. అప్పుడు మీరు ఒక్క మాట అడగండి: ట్రయల్ అయితే డబ్బు ఎందుకు? నిజమైన ట్రయల్‌లో పరీక్షిస్తున్న చికిత్సకు రోగి దగ్గర పైసా తీసుకోకూడదు. ఏదైనా హాని జరిగితే వైద్యం చేయించి, పరిహారం ఇచ్చే బాధ్యత కూడా ట్రయల్ నడిపేవాళ్లదే. సీటీఆర్ఐ అని భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఉంది, ఎవరైనా ఇంటర్నెట్‌లో చూడొచ్చు. వాళ్ల రిజిస్ట్రేషన్ నంబరు అడిగి, అందులో జబ్బు పేరు, వయసు పరిమితి, ఎథిక్స్ కమిటీ, డ్రగ్స్ కంట్రోలర్ అనుమతి ఏం రాసి ఉన్నాయో చదవండి. అక్కడ పేరు నమోదైనంత మాత్రాన ప్రభుత్వం చికిత్సను ఒప్పుకున్నట్టు కాదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. పద్నాలుగేళ్ల పిల్లవాడిని ట్రయల్‌లో చేర్చాలంటే మీ సంతకంతో పాటు బాబు కూడా అర్థం చేసుకుని ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా తీసుకోవాలి. మీ అబ్బాయితో ఆ సెంటర్‌లో ఎవరైనా మాట్లాడారా?

సొంత కొవ్వో, బొడ్డుతాడో, సహజమైనవి కదా, పని చేయకపోయినా నష్టం లేదనుకోవద్దు. అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక క్లినిక్‌లో సొంత కొవ్వు నుంచి తీసిన కణాలను కంట్లోకి ఎక్కించి ముగ్గురు మహిళల చూపు పోగొట్టారు. 2017లో వైద్య పత్రికల్లో వచ్చిన విషయమిది. ల్యాబ్ శుభ్రత సరిగా లేని చోట పెంచిన కణాలతో రక్తంలోకి ఇన్ఫెక్షన్ వెళ్లొచ్చు. కానీ టైప్ 1 పిల్లల విషయంలో నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇన్సులిన్ తగ్గించేయడం. దాని గురించి చివర్లో చెబుతాను.

మీ నాన్నగారి విషయం వేరు. టైప్ 2లో ఇన్సులిన్ మొదట్లో బాగానే ఉంటుంది, శరీరం దానికి సరిగా స్పందించదు. బీటా కణాలు అదనంగా కష్టపడి క్రమంగా నీరసిస్తాయి. పొట్ట, కాలేయం, క్లోమం చుట్టూ పేరుకున్న కొవ్వు అలాగే ఉంటే కొత్త కణాలు పెట్టినా వాటికీ అదే గతి. జబ్బు వచ్చి కొద్ది ఏళ్లే అయినవాళ్లు బరువు తగ్గితే మాత్రం మంచి ఫలితం ఉంది. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే అధ్యయనంలో తక్కువ కేలరీల ఆహారంతో బరువు తగ్గినవాళ్లలో 46 శాతం మంది ఏడాదికి మందులు లేకుండా షుగర్ అదుపులో ఉన్న స్థితికి వచ్చారు. 15 కిలోలకు పైగా తగ్గినవాళ్లలో 86 శాతం. మీ నాన్నగారి వయసు, ఆయనకు జబ్బు ఎప్పటి నుంచి ఉందో మీరు రాయలేదు. బక్కపలుచని మనిషైతే, పెద్ద వయసైతే ఇది ఆయనకు పనికిరాదు, కాబట్టి సొంతంగా మొదలుపెట్టించకుండా ఆయన డాక్టర్‌ను అడగండి. ఆయనకు స్టెమ్ సెల్స్ అక్కర్లేదు.

చెల్లెలి డెలివరీ. బొడ్డుతాడు రక్తాన్ని డబ్బు కట్టి సొంతానికి దాచుకోవడానికి శాస్త్రీయ ఆధారం లేదని ఐసీఎంఆర్ చెప్పింది. షుగర్ కోసమైతే అసలే వద్దు. ఫ్లోరిడాలో టైప్ 1 పిల్లలకు పుట్టినప్పుడు దాచిన వాళ్ల సొంత బొడ్డుతాడు రక్తాన్నే ఎక్కించి చూశారు, మిగిలిన బీటా కణాలను అది కాపాడలేకపోయింది. తలసీమియాలాంటి రక్త జబ్బు ఉన్న అన్నో అక్కో ఇంట్లో ఉంటే లెక్క వేరు, మీ ఇంట్లో అది లేదు కదా.

ముందు ముందు ఏముంది? మందుల అవసరం లేకుండా కణాలు నిలవాలి, అసలు పని అక్కడుంది. కణాలను ఒక సంచిలాంటి పొరలో పెట్టి కాపాడదామని వెర్టెక్స్ చేసిన ఇంకో ప్రయత్నం ఫలించక 2025లో ఆపేశారు. అదే ఏడాది ఉప్సాలా నుంచి మంచి కబురు వచ్చింది. దాత క్లోమం నుంచి తీసిన కణాల జన్యువులను మార్చి, రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టకుండా చేసి, 42 ఏళ్ల టైప్ 1 రోగి ముంజేతి కండరంలో పెట్టారు. అణచే మందులేవీ ఇవ్వలేదు. కణాలు బతికి ఇన్సులిన్ చేశాయి. ఒక్క మనిషి, చిన్న డోసు, ఆయన ఇన్సులిన్ వాడుతూనే ఉన్నారు. కానీ ఇలాంటి మార్పును మూలకణాల్లోనే చేసి, వాటి నుంచి బీటా కణాలు పెంచగలిగితే మీ అబ్బాయి వయసు పిల్లలకు నేను ధైర్యంగా సిఫారసు చేయగల చికిత్స అవుతుంది. అది ఏ ఏడాది వస్తుందని నన్ను అడగకండి. వచ్చేనాటికి బాబు కళ్లు, కిడ్నీలు, నరాలు బాగుండాలి, అది మన చేతుల్లో ఉంది.

అందుకోసం ఆ ఆరు లక్షల్లో కొంత ఖర్చు పెట్టండి, పొలం అమ్మక్కర్లేకుండానే. చేతికి అతికించుకునే గ్లూకోజ్ సెన్సర్ రెండు వారాలు పనిచేస్తుంది. ఏడాది పొడవునా వాడితే లక్ష దాటొచ్చు. భారమైతే నెల విడిచి నెల పెట్టండి, లేదా డోసులు మార్చే రోజుల్లో, పరీక్షల సీజన్‌లో పెట్టండి. అన్నం తిన్న గంటకు షుగర్ ఎంత ఎగురుతోందో, రాత్రి రెండింటికి ఎంత పడిపోతోందో బాబు తన కళ్లతో చూస్తాడు. ఆ వయసు పిల్లలకు మనం వంద చెప్పేకంటే ఆ గీత చూడటం ఎక్కువ పనిచేస్తుంది.

ఇవాళ ఇంకో పని చేయండి. బాబును పడుకోబెట్టి, ఇంజెక్షన్ చేసుకునే చోట, బొడ్డుకు రెండు పక్కలా, తొడల మీద వేళ్లతో మెల్లగా నిమరండి. మెత్తగా ఉండాల్సిన చోట రబ్బరులా గట్టిగా, ఉబ్బెత్తుగా తగిలితే అక్కడే పదే పదే పొడుస్తున్నాడని అర్థం. నొప్పి తెలియదు కాబట్టి పిల్లలు ఆ చోటే ఇష్టపడతారు. అక్కడ ఇన్సులిన్ ఒకరోజు ఆలస్యంగా, ఒకరోజు ఒక్కసారిగా రక్తంలోకి వెళ్తుంది. షుగర్ ఒకరోజు 300, ఒకరోజు 60 అని మీరు రాసినదానికి ఇదే కారణం కావచ్చు. ఆ గడ్డలు వదిలేసి కొత్త చోటుకు మారితే అదే డోసు ఎక్కువగా పనిచేసి లో షుగర్ రావచ్చు, కాబట్టి డాక్టర్‌కు చెప్పి డోసు సరిచూసుకుని మారండి. వేసవిలో కరెంటు పోయే ఇళ్లలో ఇన్సులిన్ పాడవుతుంది, సీసాను పొడి డబ్బాలో పెట్టి తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో ఉంచండి. స్కూల్ బ్యాగులో గ్లూకోజ్ పొడి ఎప్పుడూ ఉండాలి. షుగర్ 70 కంటే తగ్గితే మూడు చెంచాలు నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూసుకోవాలని క్లాస్ టీచర్‌కూ ఇద్దరు స్నేహితులకూ తెలిసి ఉండాలి. ఏడాదికోసారి కంటి రెటీనా పరీక్ష, మూత్రంలో అల్బుమిన్ పరీక్ష మానకండి. థైరాయిడ్ కూడా చూడమనండి, టైప్ 1 పిల్లల్లో అది తరచుగా తోడొస్తుంది.

ఇక నేను చివర్లో చెబుతానన్నది. ఆ సెంటర్ వాళ్లు మొదటి విడతకు ముందే ఇన్సులిన్ సగానికి తగ్గించి రమ్మన్నారని మీరు రాశారు. దయచేసి తగ్గించకండి. ఇప్పటికే తగ్గించి ఉంటే ఇవాళే పాత డోసుకు వెళ్లండి, బాబును చూసే డాక్టర్‌కు ఫోన్ చేయండి. టైప్ 1లో ఇన్సులిన్ చాలకపోతే శరీరం కొవ్వును కరిగించుకుంటూ కీటోన్లు తయారుచేస్తుంది, రక్తం ఆమ్లంగా మారుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే అక్కడిదాకా వెళ్లొచ్చు. మెడికల్ షాపులో మూత్రం కీటోన్ స్ట్రిప్‌లు దొరుకుతాయి, ఒక డబ్బా ఇంట్లో పెట్టుకోండి. జ్వరం వచ్చినా, తిండి సహించకపోయినా రాత్రి వేసే బేసల్ ఇన్సులిన్, అంటే రోజంతా నెమ్మదిగా పనిచేసేది, ఆపకూడదు. షుగర్ 250 దాటి వాంతులు, కడుపునొప్పి, లోతుగా వేగంగా ఊపిరి, నోట్లో పండు వాసన వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లండి. గేటు దగ్గరే టైప్ 1 అని చెప్పండి, కీటోన్లు చూడమని అడగండి.